బెజవాడ అంటే విజయవాడేనని తెలిస్తే సరిపోదు

"నిరుడు సార్వాలో గుడివాడ మండలంలో ఎకరానికి ఎన్ని బస్తాలు పండింది?" కృష్ణా డెల్టాలో వరి పండించే ఎవరికైనా ఈ ప్రశ్నలో అర్థంకాని మాట ఒక్కటీ లేదు. దీనికి కావలసిన సమాచారమూ ప్రభుత్వ కంప్యూటర్లలో ఉంటుంది. ఏ ఊళ్లో ఎవరు ఏ పంట ఎంత మేర వేశారో ఈ-క్రాప్ నమోదులో ఉంటుంది. ఎంత పండిందో పంటకోత ప్రయోగాల లెక్కల్లో ఉంటుంది. అయినా అడిగినవాడు ఆ అంకెను నేరుగా అందుకోలేడు. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష వచ్చినవాళ్లు ఎవరో మధ్యలో ఉండాలి, వాళ్లకు తీరిక ఉండాలి, వాళ్లను అడిగే చనువు ఇతనికి ఉండాలి. రోజూ మాట్లాడే తెలుగులో అడిగితే యంత్రమే ఆ భాషలోకి మార్చుకుని పట్టికలు వెతికి జవాబు చెప్పే సాధనాలు ఇప్పుడు వస్తున్నాయి. అవి రావాలి, త్వరగా రావాలి. అయితే ఒక షరతు మీద. జవాబు చెప్పే ముందు, ప్రశ్నను తాను ఏమని అర్థం చేసుకుందో ఆ యంత్రం అడిగినవాళ్లకు తెలుగులోనే తిరిగి చెప్పాలి. ఆ పని చేయని సాధనం ఎంత తెలివైనదైనా ప్రజల చేతికి ఇవ్వదగింది కాదు. ఎందుకో డెల్టా లెక్కలతోనే చూడవచ్చు.

డేటాబేస్ అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన పట్టికల సముదాయం. ఒక పట్టికలో మండలాల పేర్లు, వాటి సంకేత సంఖ్యలు ఉంటాయి. ఇంకోదాంట్లో పంటల పేర్లు, వాటి సంఖ్యలు. మూడోదాంట్లో ఫలానా సంఖ్య గల మండలంలో, ఫలానా సంఖ్య గల పంట, ఫలానా సంవత్సరంలో, ఫలానా కాలంలో హెక్టారుకు ఎన్ని కిలోలు ఇచ్చిందో ఉంటుంది. మూడూ కలిపితేనే గుడివాడ ప్రశ్నకు జవాబు. సమాచారాన్ని ఇలా విడివిడి పట్టికలుగా పేర్చి అవసరమైనప్పుడు కలుపుకోవచ్చని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను అడగడానికి ఒక భాష తయారుచేశారు. ఇవాళ ఎస్‌క్యూఎల్ పేరుతో ప్రపంచమంతా వాడుతున్నది దాని వారసురాలినే. పద్దులు రాసేవాళ్లు, ఇంజనీర్లు, పట్టణ ప్రణాళికలు వేసేవాళ్లు ప్రోగ్రామర్ల సాయం లేకుండా తమంతట తామే సమాచారం తీసుకోవాలన్నది ఆ ఇద్దరి ఆశయం. అర్ధశతాబ్దం గడిచింది. ఆ భాష బ్యాంకుల నుంచి రైల్వేల దాకా పాకింది కానీ, ఎక్కువగా ప్రోగ్రామర్ల చేతుల్లోనే ఉండిపోయింది. ఏ పట్టికకు ఏ పేరు పెట్టారో, ఏ గడిలో ఏముందో ముందే తెలియనివాడు అందులో మొదటి వాక్యం కూడా రాయలేడు.

మామూలు మాటల్లో అడగాలన్న ప్రయత్నం నిజానికి ఎస్‌క్యూఎల్ కన్నా ముందే మొదలైంది. అపోలో 11 తెచ్చిన చంద్రశిలల రసాయన విశ్లేషణల మీద భూవిజ్ఞానులు ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తే జవాబిచ్చే 'లూనార్' అనే వ్యవస్థను అమెరికాలో విలియం వుడ్స్ బృందం నిర్మించింది. 1971లో చంద్ర విజ్ఞాన సదస్సులో దాన్ని ప్రదర్శిస్తే, వచ్చిన 111 ప్రశ్నల్లో 78 శాతానికి సరిగా స్పందించింది. చిన్నచిన్న లోపాలు సరిచేస్తే అది 90 శాతానికి చేరేదని లెక్క తేల్చారు. 1974లో కాడ్ స్వయంగా 'రాండేవూ' అనే మరో నమూనాను వివరించాడు. అందులో ఒక గొప్ప మెలకువ ఉంది. ప్రశ్నలో అస్పష్టత ఉంటే యంత్రం ఎదురు ప్రశ్నలు వేస్తుంది. అన్నీ తేలాక, తాను గ్రహించిన ప్రశ్నను తన మాటల్లో తిరిగి చెప్పి, అవునంటేనే పట్టికల జోలికి వెళుతుంది. పట్టికల సిద్ధాంతాన్ని పుట్టించిన మనిషే, సామాన్యుడు ఆ పట్టికలను వాడాలంటే ఈ జాగ్రత్త తప్పదని తొలి రోజుల్లోనే చెప్పాడన్నమాట. తర్వాతి కాలంలో వేగం, ఆకర్షణ మీద పెరిగిన శ్రద్ధ ఈ జాగ్రత్త మీద పెరగలేదు.

తెలుగులో ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. తెలుగులో అడిగితే రైల్వే సమాచారం చెప్పే సంభాషణా వ్యవస్థ ఒకదాన్ని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి నంది రెడ్డి రామిరెడ్డి, శివాజీ బందోపాధ్యాయ 2006లో ఒక అంతర్జాతీయ సదస్సుకు సమర్పించారు. ప్రశ్నలోని కీలకమైన మాటలను పట్టుకుని, వాటి నుంచి ఎస్‌క్యూఎల్ వాక్యం కట్టి, జవాబును మళ్లీ తెలుగులో చెప్పడం దాని పద్ధతి. జవాబుల ఖచ్చితత్వం 96.34 శాతం, సంభాషణ సఫలమైన సందర్భాలు 83.96 శాతం అని నివేదించారు. ఆ వ్యవస్థకు గుండెకాయ సంభాషణను నడిపే భాగమే. "బందరు బండి ఎన్నింటికి?" అని ఎవరైనా అడిగితే ఏ స్టేషన్ నుంచో, ఏ రోజుకో చెప్పలేదు. అలాంటి అరకొర ప్రశ్నలకు ఏదో ఒకటి ఊహించుకోకుండా, లోపించినదాన్ని అడిగి తెలుసుకోవడం ఆ భాగం పని. రైల్వేలో పేర్ల చిక్కు కూడా ఉంది. జనం బందరు అంటారు, టైంటేబుల్లో మచిలీపట్నం ఉంటుంది. విజయవాడ జంక్షన్ సంకేతమేమో బెజవాడ పేరు మీదుగా నేటికీ బీజెడ్ఏ గానే ఉంది. ఇలాంటి పేర్లను కలిపే జాబితా ఎవరో ఒకరు కూర్చి పెట్టకపోతే యంత్రం తనంతట తాను కలపలేదు.

తెలుగు వాక్య నిర్మాణం ఈ పనికి ఒక రకంగా అనుకూలమే. "విజయవాడ నుంచి బందరుకి" అన్నా, "బందరుకి విజయవాడ నుంచి" అన్నా అర్థం మారదు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది విభక్తులే చెబుతాయి. వాక్యంలో ఏ పదం ఏ పాత్ర పోషిస్తోందో పాణిని చెప్పిన కారకాల దృష్టితో కంప్యూటర్‌కు నేర్పవచ్చని అక్షర భారతి బృందం వాదించింది. ఆ బృందంలోని వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ఈ సిద్ధాంతంపై 1995లో పుస్తకం కూడా వెలువరించారు. ఆ దారిలోనే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో, ఇంగ్లీషు ప్రశ్నల మీదే అయినా, కారక సంబంధాల ఆధారంగా డేటాబేస్ ప్రశ్నలను విడదీసే పరిశోధన జరిగింది. ఈ పద్ధతుల బలం పారదర్శకత. యంత్రం ఏ పదాన్ని ఏ గడికి ముడిపెట్టిందో మనిషి చూసి చెప్పగలడు. బలహీనత ఏమిటంటే ప్రతి రంగానికీ నియమాలు చేత్తో రాసుకోవాలి, కొత్త పట్టిక వచ్చినప్పుడల్లా మళ్లీ రాసుకోవాలి.

ఇప్పటి భారీ భాషా నమూనాలు ఆ శ్రమను చాలావరకు తప్పించాయి. పట్టికల పేర్లు, గడుల పేర్లు, అడిగిన ప్రశ్న ముందు పెడితే చాలు, ఎస్‌క్యూఎల్ అవే రాసేస్తాయి. అయితే వాటి సామర్థ్యాన్ని కొలిచిన పరీక్షలు ఒక విషయం స్పష్టంగా చెబుతున్నాయి. 2018లో యేల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన స్పైడర్ అనే పరీక్షలో 200 డేటాబేస్‌ల మీద పదివేలకు పైగా ప్రశ్నలున్నాయి. ఈ నమూనాల ఆధారంగా కట్టిన సాధనాలు అందులో 91 శాతం దాకా చేరాయి. 2023లో బర్డ్ అనే పరీక్ష వచ్చింది. అందులోని పట్టికలు నిజజీవితంలో లాగే గజిబిజిగా, పరిమాణంలో పెద్దగా ఉంటాయి. అందులో మనుషులు దాదాపు 93 శాతం సరిగా చేస్తే, అప్పటికి మేటి అనిపించుకున్న జీపీటీ-4 సుమారు 55 శాతం దగ్గర ఆగింది. 2024లో సంస్థల్లో నిజంగా వాడే తరహా భారీ డేటాబేస్‌లతో స్పైడర్ రెండో కూర్పు వస్తే, దాన్ని రూపొందించిన బృందం కట్టిన సాధనమే 21 శాతం ప్రశ్నలను మాత్రమే గట్టెక్కింది. ఈ అంకెలు ముందుముందు మెరుగవుతాయి, ఇప్పటికే అవుతున్నాయి కూడా. గమనించవలసింది అంతరాన్ని. శుభ్రంగా పేర్చిన పట్టికల నుంచి నిజమైన పట్టికలకు వెళ్లగానే తప్పులు ఎందుకు అంతగా పెరిగాయి? ప్రశ్నలోని మాటలకూ పట్టికలోని గడులకూ మధ్య ఉండే సంబంధం చాలాసార్లు ప్రశ్నలోనూ ఉండదు, పట్టికలోనూ ఉండదు. అది ఆ పని చేసే మనుషుల అలవాటులో ఉంటుంది.

గుడివాడ ప్రశ్ననే విప్పి చూద్దాం. "నిరుడు" అంటే జనవరి నుంచి డిసెంబరు దాకానా, జూన్‌తో మొదలయ్యే వ్యవసాయ సంవత్సరమా? "సార్వా" అన్న మాట పట్టికలో దొరకదు, అక్కడ ఖరీఫ్ అని ఉంటుంది. "గుడివాడ" పేరుతో మండలం, మునిసిపాలిటీ, రెవెన్యూ డివిజన్, శాసనసభ నియోజకవర్గం ఉన్నాయి. ప్రశ్నలో మండలం అన్నారు కాబట్టి సరిపోయింది గానీ, ఆ మాట వదిలేస్తే నాలుగు జవాబులు వస్తాయి. అన్నిటికన్నా చిక్కు బస్తాతో. డెల్టా రైతు వడ్ల బస్తా అంటే 75 కిలోల లెక్క. పట్టికలో ఉండేది హెక్టారుకు కిలోలు. ఉదాహరణకు అక్కడ 5,000 అని ఉందనుకుందాం. హెక్టారు అంటే 2.47 ఎకరాలు కాబట్టి ఎకరానికి 2,024 కిలోలు, అంటే 27 బస్తాలు. డీఏపీ ఎరువు సంచిలా బస్తాను 50 కిలోలు అనుకున్న యంత్రం అదే అంకెను 40 బస్తాలు చేస్తుంది. కౌలు మాట్లాడుకునే చోట 27కీ 40కీ ఉన్న తేడా చిన్నది కాదు. విత్తన రకాల సంగతీ అంతే. రైతు 1061 అని, 7029 అని ఒట్టి అంకెతో చెబుతాడు. పట్టికలో ఒకటి ఎంటీయూ 1061 అనో ఇంద్ర అనో ఉంటుంది, రెండోది స్వర్ణ పేరుతో ఉంటుంది. బీపీటీ 5204 అన్నా సాంబమసూరి అన్నా ఒకటే. ఆ సంగతి తెలియని యంత్రం 1061ని ఎకరాలుగానో కిలోలుగానో తీసుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ వ్యాకరణం తప్పితే డేటాబేస్ ఒప్పుకోదు, వెంటనే తెలిసిపోతుంది. అర్థం తప్పితే డేటాబేస్‌కు పట్టదు. తప్పు అంకె కూడా సరైన అంకె లాగే తెర మీద కనిపిస్తుంది.

ఇంకా పెద్ద ప్రమాదం కాలంతో పాటు మారే పేర్లది. "కృష్ణా జిల్లాలో వరి విస్తీర్ణం పదేళ్లలో ఎలా మారింది?" అని ఒక విద్యార్థో విలేకరో అడిగారనుకుందాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలినదే ఇప్పటి కృష్ణా జిల్లా. జిల్లా పేరు ఉన్న గడిని మాత్రమే చూసే యంత్రం 2022 దగ్గర విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్టు గీత గీస్తుంది. ఆ గీతలో ప్రతి అంకె నిజమే. దాన్నుంచి డెల్టాలో వరి కుప్పకూలిందని తీసే నిర్ధారణ పచ్చి అబద్ధం. సరైన జవాబు కావాలంటే పాత జిల్లాలోని మండలాలన్నిటినీ ఇప్పటి మూడు జిల్లాల నుంచి ఏరి కలపాలి. లేదా ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాలనే పదేళ్లు వెనక్కి తీసుకెళ్లి లెక్కించాలి. రెండూ న్యాయమైన లెక్కలే, ఏది కావాలో అడిగినవాళ్లే చెప్పాలి. "కృష్ణా డెల్టాలో" అని అడిగితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణకు ఇరువైపులా సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు అనేక జిల్లాల్లో పరుచుకుని ఉంది. నీటిపారుదల శాఖకు అది ఒక్కటే వ్యవస్థ, రెవెన్యూ పట్టికలకు అలాంటి పేరు గల ప్రాంతమే లేదు.

కొన్నిసార్లు పట్టికలో జవాబే ఉండదు. ప్రాణాల మీదికి వచ్చే సందర్భం అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో అక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. కానీ అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునగడానికి ప్రధాన కారణం బుడమేరు. దాని మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి నీళ్లు ఊరి మీదికి వచ్చాయి. అలాంటి రాత్రి "మా వీధికి నీళ్లొస్తాయా?" అని ఎవరైనా అడిగితే, బ్యారేజీ పట్టిక మాత్రమే చేతిలో ఉన్న యంత్రం ఎంత ఖచ్చితమైన అంకె చెప్పినా అది వేరే ప్రశ్నకు జవాబు. "నా దగ్గర కృష్ణా ప్రవాహం లెక్కలు మాత్రమే ఉన్నాయి, బుడమేరు నీటిమట్టం లేదు, మీ వీధి గురించి చెప్పలేను" అనడం ఆ యంత్రం చేయగల నిజమైన సాయం. తెలియదని చెప్పగలగడం కూడా తిరిగి చెప్పడంలో భాగమే. తన దగ్గరున్న పట్టికల హద్దు ఎక్కడో ముందుగా చెప్పుకుంటేనే ఆ మాట చెప్పగలదు.

తిరిగి చెప్పడం ఎలా ఉండాలి? గుడివాడ ప్రశ్నను 2025లో అడిగితే ఇలా: "2024 ఖరీఫ్, గుడివాడ మండలం, వరి అన్ని రకాలూ కలిపి, 75 కిలోల బస్తా లెక్కన ఎకరానికి సగటు అడిగారని అనుకుంటున్నాను. పంటకోత ప్రయోగాల పట్టిక నుంచి చెబుతాను. సరేనా?" రెండు మూడు వాక్యాలు, అంతే. ఎస్‌క్యూఎల్ రానివాడు కూడా ఇందులో తప్పు పట్టగలడు. బస్తా 50 కిలోలని యంత్రం అనుకుని ఉంటే మొదటి వినికిడిలోనే రైతు సరిదిద్దుతాడు. ఆ విషయంలో అతనే నిపుణుడు. మన చట్టాలకు ఈ పద్ధతి కొత్తది కాదు. కోర్టులో సాక్షి చెప్పినదాన్ని రాసుకున్నాక అతనికి చదివి వినిపించే ఆనవాయితీ ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 6వ సెక్షన్ ఇంకా దగ్గరి ఉదాహరణ. ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు చేసుకోవచ్చంది. రాయలేనివాళ్లు నోటితో అడిగితే, దాన్ని రాతలో పెట్టడానికి అధికారి తగిన సాయం చేయాలంది. అడిగేవాడి మాటను దఫ్తరపు భాషలోకి మార్చే బాధ్యతను దఫ్తరం మీదే పెట్టింది. ఆ అధికారి స్థానంలో యంత్రం కూర్చుంటే ఆ బాధ్యత కూడా యంత్రానికి బదిలీ కావాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, నమూనాలు ఏటికేడు మెరుగవుతున్నాయి, కొన్నాళ్లకు ఈ తప్పులే ఉండవు కదా అని. స్థానిక పదాలు తెలియక చేసే తప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ కృష్ణా జిల్లా ప్రశ్నలో తప్పు అజ్ఞానం వల్ల వచ్చింది కాదు. ప్రశ్నకే రెండు అర్థాలున్నాయి. ఎంత తెలిసిన మనిషైనా అక్కడ "ఏ కృష్ణా జిల్లా?" అని అడగవలసిందే. పైగా నోటితో అడిగే సౌకర్యం వచ్చేకొద్దీ వినడంలో పొరపాట్లు కూడా తోడవుతాయి. భారతీయ భాషల మాటను రాతగా మార్చే భాషిణి వేదికను కేంద్రం 2022లో ప్రారంభించింది, ఆ పని ఎంతో విలువైనది. కానీ రోడ్డు పక్క రొదలో, డెల్టా యాసలో, ఊరి పేర్లతో అడిగిన మాటను ఏ యంత్రమైనా ఒక్కోసారి తప్పుగా వింటుంది. తాను విన్నదాన్ని తిరిగి చెప్పడమే దానికి మందు.

రెండో అభ్యంతరం, ఇంత తంటా ఎందుకు, జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి చాలదా అని. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 161 సేవలతో మన మిత్రను మొదలుపెట్టింది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయడానికీ, బిల్లు కట్టడానికీ జాబితా పద్ధతే మేలు. ఏం కావాలో ముందే తెలిసిన పనుల్లో సందిగ్ధానికి తావు లేకుండా చేస్తుంది. కానీ జాబితా ఇచ్చేది దఫ్తరం ముందుగా ఊహించిన ప్రశ్నలకే. కాలువ చివరి భూముల్లో మూడేళ్లుగా నాట్లు ఆలస్యమవుతున్నాయా, ఏ రకం వేసిన చోట దిగుబడి నిలబడింది, తమ మండలానికీ పక్క మండలానికీ తేడా ఎందుకు అన్నవి ఏ జాబితాలోనూ ఉండవు. పౌరుడు తన ప్రశ్నను తానే కూర్చుకోగలగడంలోనే ఈ సాంకేతికత విలువంతా ఉంది.

మూడోది గట్టి అభ్యంతరం. తిరిగి చెబితే మాత్రం ఎవరు వింటారు, చదవకుండా సరే అనేయరా? యాప్‌లు పెట్టే షరతులన్నిటికీ అలాగే ఒప్పుకుంటున్నాం. అందుకే ప్రతిదీ తిరిగి చెప్పకూడదు. జవాబును మార్చే మలుపు ఎక్కడుందో అక్కడే ఆగాలి. ఎంచుకున్న అర్థం ఏదైనా అంకె మారదంటే అడగనక్కర్లేదు. మారుతుందంటే రెండు జవాబులూ పక్కపక్కన చూపాలి. "పాత జిల్లా హద్దులతో ఇంత, ఇప్పటి హద్దులతో ఇంత" అని కనబడితే ఎవరి కన్నూ దాటిపోదు. జవాబుతో పాటు అది ఏ శాఖ పట్టిక, ఏ తేదీ నాటిది అన్నవీ రావాలి, అప్పుడే ఆ అంకెను పట్టుకుని అధికారిని నిలదీయవచ్చు.

గోప్యత ప్రశ్న వేరు, దాన్ని దాటవేయకూడదు. మాటల్లో అడగడం సులువైతే పక్కవాడి భూమి, అప్పు, ఆధార్ వివరాలు అడగడం కూడా సులువవుతుంది. దీనికి విరుగుడు భాషా నమూనాకు నీతులు చెప్పడంలో లేదు, మాయమాటలతో దాన్ని ఏమార్చే వీలు ఎప్పుడూ ఉంటుంది. రక్షణ డేటాబేస్ దగ్గరే ఉండాలి. యంత్రానికి చదివే అధికారం తప్ప మార్చే అధికారం ఉండకూడదు. వ్యక్తుల వరుసలు దాని కంటికే కనబడకూడదు. ఊరి స్థాయి మొత్తాలు అందరికీ, సొంత వివరాలు గుర్తింపు రుజువైన ఆ వ్యక్తికి మాత్రమే అన్న గీత పట్టికల్లోనే గీయాలి.

ఇక మిగిలింది, ఈ స్థానిక జ్ఞానాన్ని యంత్రానికి ఎవరు అందించాలన్నది. సార్వా అంటే ఖరీఫ్, బస్తా అంటే 75 కిలోలు, బందరు అంటే మచిలీపట్నం, పాత కృష్ణా జిల్లా అంటే ఈ మండలాలు అన్న జాబితా ఎక్కడో దూరాన ఉన్న కంపెనీకి తోచేది కాదు. రైతు సేవా కేంద్రాల్లోని వ్యవసాయ సహాయకులకు, ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు, మండల గణాంకాలు చూసేవాళ్లకు అది కంఠతా వచ్చిన విషయం. ప్రభుత్వం ఇలాంటి సాధనం కొనే ముందు గుడివాడలో, అవనిగడ్డలో, జగ్గయ్యపేటలో జనం తమ మాటల్లో అడిగే ప్రశ్నలు సేకరించాలి. వాటికి సరైన జవాబులు ఈ అనుభవజ్ఞులతో రాయించాలి. ఆ ప్రశ్నల మీద యంత్రాన్ని పరీక్షించి, ఎన్ని సరిగా చెప్పిందో, ఎన్నిటికి ఎదురు ప్రశ్న వేసిందో, ఎన్నిటికి తెలియదని ఒప్పుకుందో మూడు లెక్కలూ బహిరంగంగా ప్రకటించాలి. మొదటి అంకె ఒక్కటే చూపించే సంస్థకు పని ఇవ్వకూడదు. ఆ పట్టికల్లో ఉన్నది ప్రజల పంట, ప్రజల నీరు, ప్రజల పన్నుతో సేకరించిన లెక్క. దాన్ని తమ భాషలో అడిగే హక్కు వాళ్లకు ఎంత ఉందో, తమ ప్రశ్న ఏమని అర్థమైందో తెలుసుకునే హక్కూ అంతే ఉంది.